పాదం మీది గీత

"మీరు వేసే ఒక్క అంకెతో ఒక పిల్ల జైలుకి పోతుంది. ఆ సంగతి తెలుసా మీకు?"

ఆసుపత్రి కోడింగ్ మేడమ్ కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పలేదు. "పొద్దుట్నుంచీ చాలా అంకెలు వేశాను. ఏ అంకె గురించో చెప్తే జవాబు చెప్తా. కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు తక్కువ."

డిటెక్టివ్ ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పోలీసులంతా ఆయన్ని బంక అంటారు. పట్టుకుంటే వదలడని మెచ్చుకునేవాళ్ళూ అంటారు, వదిలించుకోలేక తల పట్టుకునేవాళ్ళూ అంటారు. మొహం మీదే అన్నా ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. పట్టుకున్నది మాత్రం వదలడు.

ఈసారి ఆయన్ని పిలిపించింది ఇదే ఆసుపత్రిలో నాలుగు రోజులుగా మూడో అంతస్తులో పడుకుని ఉన్న బేకరీ పెద్దాయన. ఆయనకి రెండు పాదాలకీ పుళ్ళు, ఒంట్లో విపరీతంగా చక్కెర. కేకులు చేసేవాడికి చక్కెర రాక ఇంకేం వస్తుందని అందరూ అనుకున్నారు. పెద్దాయన కూడా అలాగే సరిపెట్టుకున్నాడు. తీరా పరీక్షలు చేస్తే ఒంట్లో స్టెరాయిడ్ కనిపించింది. చక్కెర వచ్చింది ఆ మందు వల్లట. ఆ మందు ఏ డాక్టరూ రాయలేదు. తాను వేసుకోలేదని పెద్దాయన ఒట్టేసి చెప్పాడు.

మరి పెట్టిందెవరు? ఆయనకి భోజనం వడ్డించేది కోడలు. ఆ కోడలు పనిచేసేది మందుల షాపులో. ఇన్‌స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి? మూడు రోజుల కిందట ఇంటి మీద పడి మాత్రలూ సీసాలూ వంటింటి డబ్బాలూ అన్నీ మూట కట్టించి పట్టుకుపోయాడు. గుమ్మం దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్ని కాపలా పెట్టాడు. ఇది వేరొకరు చేసిన పనేనని డాక్టరు చేత రాయించుకుని, ఈ సాయంత్రంలోగా కోడల్ని తీసుకుపోతానన్నాడు.

"నా కాళ్ళు పోతే పోనీ బాబూ. నా కోడల్ని కాపాడు" అని పెద్దాయన డిటెక్టివ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. విషం తిన్నవాడే, విషం పెట్టిందన్న మనిషి కోసం డిటెక్టివ్‌ని పెట్టుకోవడం ఈ వృత్తిలో ఆయన ఎన్నడూ చూడలేదు. అందుకే పొద్దున్నే వచ్చి ఈ గదిలో కూర్చున్నాడు.

"బేకరీ పెద్దాయన ఫైలు గురించి" అన్నాడు.

"అనుకున్నా." మేడమ్ ఇప్పుడు కుర్చీ తిప్పింది. ఆమె ఒకప్పుడు డాక్టరే. రోగులతో మాట్లాడటం విసుగనిపించి, ఇక రోగాలతోనే మాట్లాడుకుందామని ఈ కిటికీ లేని గదిలోకి వచ్చి స్థిరపడింది. "ముందు మా పనేంటో తెలుసుకోండి, తర్వాత కోప్పడుదురుగాని. డాక్టర్లు రాసిందంతా చదివి, ప్రతి జబ్బుకీ ఒక కోడు వేస్తాం. మామూలుగా వచ్చే చక్కెరకి ఒకటి. మందు వల్ల వచ్చినదానికి వేరే. దాంతోపాటు పాదానికి పుండు ఉంటే ఇంకొకటి. ఆ పుండు కుడికాలికా ఎడమకాలికా, పాదంలో ఎక్కడ, చర్మం దాకానా, కొవ్వు దాకానా, ఎముక దాకానా, అన్నిటికీ లెక్క ఉంది."

"ఎముక దాకా పోతే దానిక్కూడా ఒక కోడా?"

"దానిక్కూడా. ఈయనది అంతదూరం పోలేదు లెండి. కొవ్వు దగ్గర ఆగింది."

డిటెక్టివ్ ఆ బల్ల మీదున్న లావుపాటి పుస్తకం వంక చూశాడు. మనిషికి రాగల కష్టాలన్నీ అందులో వరసగా ఇళ్ళ నంబర్లలా ఉన్నాయంటే ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. చేయి వేసి చూడాలనిపించింది, వేయడానికి జంకు కలిగింది.

"అసలు సంగతి ఇప్పుడు వినండి" అంది మేడమ్. "డాక్టరు రాసిన మందు, రాసినట్టే వాడితే చక్కెర వచ్చిందనుకోండి. అప్పుడు చక్కెర కోడు ముందు, మందు కోడు వెనక. ఎవరూ రాయని మందు ఒంట్లో పడిందనుకోండి, దాన్ని విషం కింద లెక్క కడతాం. అప్పుడు మందు ముందుకొస్తుంది, చక్కెర వెనక్కి పోతుంది. ఆ మందు కోడులోనే ఇంకో అంకె ఉంటుంది. పొరపాటున పడితే ఒకటి. తనకి తనే హాని చేసుకోవాలని తీసుకుంటే రెండు. వేరేవాళ్ళు పెడితే మూడు. ఎంత చూసినా తేలలేదని డాక్టరు రాస్తే నాలుగు."

"ఒక మనిషి ఇంకో మనిషికి చేసే ద్రోహం మొత్తానికి ఒక్క అంకెనా?"

"ఒక్కటే. అక్కడున్న చోటు అంతే."

కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదించుకునే మాటని ఈవిడ చిటికెన వేలితో కొట్టేస్తుంది.

"మరి ఈయనకి ఏది వేశారు?"

"ఏదీ వేయలేదు. డాక్టరుకి ప్రశ్న పంపి కూర్చున్నాను. ఎవరు చేశారో ఊహించుకునే హక్కు నాకు లేదు. ఆయన రాయంది నా లెక్కలో జరగనట్టే."

"మూడు వేయడానికి ఇంత తర్జనభర్జన ఎందుకు మేడమ్?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. గడప దాటకుండానే గదంతా ఆక్రమించుకునే మనిషి. డిటెక్టివ్‌ని చూడగానే మొహం చిట్లించాడు. "ఏంటయ్యా బంకా, ఇక్కడ కూడా అంటుకున్నావా?"

"మీరు ఎక్కడ తొందరపడితే అక్కడ నేనుంటాను సార్."

"తొందరేముంది ఇందులో? మందు దొరికింది. మందు తెలిసిన మనిషి ఇంట్లో ఉంది. ఆ మనిషే వడ్డిస్తుంది. నీకు ఇంకేం కావాలి, ఆవిడ వచ్చి నీ చెవిలో చెప్పాలా?"

"ఎందులో కలిపిందో దొరికిందా?"

"లేబొరేటరీకి పంపాం. మాత్రలయ్యాయి, పప్పులూ పిండ్లూ అయ్యాయి. మిగతావి చూస్తున్నారు."

"అంటే దొరకలేదు."

"దొరుకుతుంది."

"దొరికాక పట్టుకోండి. ఎందుకు పెట్టిందో అదైనా తెలుసా? మామగారు పోతే ఆ పిల్లకి ఒరిగేదేముంది?"

"అది తను చెప్తుంది, మా స్టేషన్లో కూర్చుని." ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "చిన్న డాక్టరుతో మాట్లాడాను. రాసిస్తానన్నాడు. ఆ కాగితం రాగానే మీరు మూడు కొట్టేయండి. ఆసుపత్రే ఒప్పుకుందని నేను కోర్టులో చూపిస్తాను."

"మీరు మాట్లాడితే రాసేది కాదండీ అది, రోగిని చూసి రాయాలి" అంది మేడమ్ చల్లగా. "పైగా పెద్ద డాక్టరు సంతకం లేకుండా నా కంప్యూటరు ముట్టదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి, ఏసీ బయటికి పోతోంది."

ఇన్‌స్పెక్టరుకి కోపం నషాళానికి అంటింది. అయినా తలుపు దగ్గరగానే వేసి వెళ్ళాడు.

డిటెక్టివ్ నవ్వు ఆపుకున్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "డాక్టరుకి నేను పంపింది ఒక్క ప్రశ్న కాదు, రెండు. రెండోది నా తప్పు గురించి" అంది.

"మీ తప్పా?"

"మా అందరిదీ. మా పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. ఒకే మనిషికి చక్కెరా ఉండి, పాదానికి పుండూ ఉంటే, రెండిటికీ సంబంధం ఉందని డాక్టరు విడిగా రాయక్కర్లేదు. లేదని రాస్తే తప్ప ఉందనే అనుకోమంటుంది. మేం కళ్ళు మూసుకుని జోడీ కట్టేస్తాం. నేనూ కట్టేశాను. చక్కెర వచ్చింది కాబట్టి పుండు పడింది, అంతే. డాక్టర్లూ అలాగే అనుకున్నారు, మీ ఇన్‌స్పెక్టరూ అలాగే అనుకున్నాడు. తీరా పుండు ఎక్కడుందో కోడు వేయబోయేసరికి చేయి ఆగిపోయింది."

తెర మీద ఒక ఫోటో తెరిచింది. రెండు పాదాలు పక్కపక్కన ఉన్నాయి. డిటెక్టివ్ ముందుకి వంగాడు.

"చక్కెర పుండు ఎక్కడ పడుతుంది? బరువు ఆనేచోట. మడమ దగ్గర, బొటనవేలి కింద, చెప్పు కరిచేచోట. ఈయనకి అరికాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పుండు పాదం పైన పడింది. అడ్డంగా, గీత గీసినట్టు. కుడికాలికీ ఎడమకాలికీ సరిగ్గా ఒకేచోట."

నిజంగానే అది గీతే. రెండు పాదాల మీదా ఒకే చేయి గీసినట్టుంది. చుట్టూ చర్మం ఉల్లిపొర కంటే పల్చగా మెరుస్తోంది. డిటెక్టివ్ ఎన్నో శవాలని చూశాడు. అయినా బతికున్న మనిషి పాదాల మీద అంత నెమ్మదిగా, అంత ఓపిగ్గా పడిన గుర్తుని చూస్తుంటే ఆయనకి భయమూ భక్తీ రెండూ కలిగినట్టయింది.

"మేడమ్, ఏది ముందు వచ్చింది? చక్కెరా, పుండా?"

"అదే నా రెండో ప్రశ్న."

"మందు నోట్లోంచి కాకుండా కాళ్ళలోంచి వెళ్తే?"

మేడమ్ ఆయన వంక తేరిపార చూసింది. మొదటిసారి ఆ చూపులో కాస్త మర్యాద కనిపించింది. "వెళ్తుంది. స్టెరాయిడ్ కలిసిన పూత చాలాకాలం రాస్తే చర్మంలోంచి రక్తంలోకి పోతుంది. రాసి గాలి తగలకుండా కప్పేస్తే ఇంకా ఎక్కువ పోతుంది. పైన చర్మం పల్చబడుతుంది. అలాంటి చర్మం మీద ఏది బిగించినా తెగుతుంది. లోపల చక్కెర పెరుగుతుంది, తెగింది మానదు. నేను అనడంలేదు సుమా, అడుగుతున్నాను."

"ఇదేంటి?" డిటెక్టివ్ వేలు తెర మీద ఇంకోచోట ఆగింది. "ఇవాళ కూడా స్టెరాయిడ్ ఇచ్చినట్టు రాసుంది. ఇంకా ఇస్తున్నారా?"

"కొలిచి ఇస్తున్నాం. బయటినుంచి అది వస్తూ ఉంటే, ఒళ్ళు తన వంతు తయారు చేసుకోవడం మానేస్తుంది. టక్కున ఆపితే బీపీ పడిపోయి మనిషి చేతికి దక్కడు. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి."

పెట్టినా ప్రమాదమే, మానినా ప్రమాదమే. ఇంత తెలివైన విషాన్ని డిటెక్టివ్ ఎక్కడా వినలేదు. దండం పెట్టాలో తిట్టాలో తెలియక, మేడమ్‌కి ఒక నమస్కారం పెట్టి మెట్ల వైపు నడిచాడు.

*

బేకరీ పెద్దాయన మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. గుండ్రటి మొహం, బూరెల్లాంటి బుగ్గలు. ఆ మొహం చూసి ఇన్నాళ్ళూ ఒళ్ళు చేశాడనుకున్నారు గానీ, జబ్బని ఎవరూ అనుకోలేదు.

"పెద్దాయనా, మీ కాళ్ళకి ఏమైనా రాసుకుంటారా?"

"నేనేం రాసుకోను. మా అక్క రాస్తుంది." ఆ మాట అంటుంటే ఆయన మొహం వెలిగింది. "రోజంతా పొయ్యి ముందు నిలబడేవాణ్ణి. పాదాలు ఒకటే దురద, పగుళ్ళు. మా అక్క పూత రాసిందంటే తెల్లారేసరికి మాయం. దాని హస్తవాసి అలాంటిది బాబూ. బావ పోయినప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంటుంది. రోజూ సాయంత్రం నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాస్తే గానీ దానికి ముద్ద దిగదు."

"రాశాక ఏం చేస్తుంది?"

"బ్రెడ్డు కవరు తొడిగి తాడుతో కట్టేస్తుంది, దుప్పటికి అంటుకోకుండా. పొద్దున్నే విప్పుతుంది."

"తాడు ఎక్కడ కడుతుంది?"

పెద్దాయన వంగి, కట్టు కట్టిన పాదం మీద వేలితో అడ్డంగా గీసి చూపించాడు.

"ఇది పోలీసులకి చెప్పలేదా?"

"వాళ్ళు అడిగింది ఏం మందు మింగావు, ఏం తిన్నావు అని. కాళ్ళకి రాసుకునేది మందేంటి బాబూ?"

ఆయన మొహంలో కల్మషం లేదు. డిటెక్టివ్ లేచి బయటికి నడిచాడు. ఆ అక్క కూడా ఆ పూతని ఒట్టి చేతులతోనే రాస్తుందని మెట్లు దిగుతుండగా తట్టింది. తట్టగానే మిగిలిన మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

*

బేకరీ వెనక ఇల్లు. ముందు కొట్లో కొడుకు రొట్టెలు అమ్ముతున్నాడు. ఆడ కానిస్టేబుల్ గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. డిటెక్టివ్‌ని చూసి లేవాలా వద్దా అని సగం లేచింది.

కోడలు ఎదురొచ్చింది. సన్నటి మనిషి. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. డిటెక్టివ్ మొట్టమొదట ఆమె చేతులు చూశాడు. గిన్నెలు తోమి గరుకుబారిన చేతులు. చర్మం దళసరిగా, ఆరోగ్యంగా ఉంది.

"మామయ్యగారి కాళ్ళకి పూత రాసే చోటు చూపించమ్మా."

ఆమె వెనక వసారాలోకి తీసుకెళ్ళింది. ఒక పొట్టి పీట, ఎదురుగా ఒక పాత కుర్చీ ఉన్నాయి. పీట మీద ఒకవైపంతా నూనె ఇంకి నల్లబడింది. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని పీట కింద చేయి పెట్టాడు. మడతలు పెట్టిన బ్రెడ్డు కవర్ల కట్ట దొరికింది. లోపల రొట్టె పొడి ఒక్క రవ్వ కూడా లేదు, జిడ్డు మాత్రం ఉంది. పక్కనే కేకు డబ్బాలకి కట్టే తాడు ముక్కలు రెండు ఉన్నాయి. మధ్యలో కొంతమేర తుప్పు రంగుకి తిరిగి, ముట్టుకుంటే గట్టిగా తగిలాయి. ఇన్‌స్పెక్టరు మనుషులు ఇల్లంతా ఊడ్చుకుపోయారు గానీ పీట ఎత్తి చూడలేదు.

"ఆ పూత ఎక్కడ?"

"డబ్బాతో సహా పట్టుకుపోయారు సార్. ఏం కలుపుతారో పెద్దమ్మ ఎవరికీ చెప్పరు. నేను ఒకటి రెండుసార్లు అడిగాను. నీ షాపు మందుల కంటే మంచిదిలే అని నవ్వేశారు."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"నిన్నట్నుంచీ లేవలేదు. తమ్ముడి మీద బెంగ అనుకున్నాం. ఏం పెట్టినా వాంతి చేసుకుంటున్నారు."

డిటెక్టివ్ ఆమెని దాటుకుని గదిలోకి పరుగెత్తాడు.

అక్కగారు మంచం మీద పక్కకి తిరిగి పడుకుంది. తమ్ముడి మొహంలాంటి గుండ్రటి మొహమే, కానీ సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంది. దుప్పటి మీద ఆవిడ చేతులు పడున్నాయి. అరచేతుల మీది గీతలు కూడా అరిగిపోయినంత నున్నటి చేతులు. ముంజేతుల నిండా ఊదారంగు మచ్చలు. ఇన్నేళ్ళూ తమ్ముడి పాదాల్లోకి ఏది పోయిందో అదే ఈ చేతుల్లోకీ పోయింది. పిలిస్తే కళ్ళు తెరవలేదు, మూలిగింది.

కోడలు అప్పటికే మణికట్టు పట్టుకుని చూస్తోంది. ఆమె ఏడుపు ఎక్కడికి పోయిందో పోయింది. "నాడి అందట్లేదు సార్. ఈ చేతులేంటి..." డిటెక్టివ్ మొహంలోకి చూసింది. డిటెక్టివ్ తలూపాడు. పూత, కవర్లు, మూడు రోజుల కిందట డబ్బా పోవడం, నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమెకి ఐదో ముక్క అవసరం లేకపోయింది.

"వెంటనే స్టెరాయిడ్ ఇంజక్షన్ పడాలి. మా షాపులో ఉంది." గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ వైపు తిరిగి అరిచింది. "అక్కా! మా ఓనరుతో చెప్పి తీసుకురా, పరుగెత్తు!" కానిస్టేబుల్ ఈసారి పూర్తిగా లేచింది. తాను కాపలా కాస్తున్న మనిషి ఆజ్ఞ వేస్తే పాటించవచ్చో లేదో ఆలోచించకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. డిటెక్టివ్ అంబులెన్సుకి చెప్పి, ఆసుపత్రి పెద్ద డాక్టరుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. డాక్టరు అంతా విని ఒకే మాట అన్నాడు. "ఇవ్వండి. అంబులెన్సు కోసం ఆగొద్దు."

కోడలు సిరంజిలోకి మందు ఎక్కించింది. సూది పైకెత్తి గాలి తీసింది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గదిలోకి వచ్చి ఆ చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంటది?"

"స్టెరాయిడ్" అంది కోడలు.

ఇన్‌స్పెక్టరు బిత్తరపోయాడు. కాస్త బుకాయిస్తుందనుకున్నాడు కాబోలు. "నా కళ్ళముందే! ఆయనకి పెట్టిందే ఈవిడకీ పొడుస్తున్నావా? బంకా, నువ్వు పక్కనే నిలబడి చూస్తున్నావా?"

"చూస్తున్నాను. మీరు చేయి వదిలితే పూర్తిగా చూస్తాను" అన్నాడు డిటెక్టివ్. "ఆ మందు ఆగిపోవడం వల్లే ఆవిడ పోతోంది సార్. ఆపింది మీరు. మూట కట్టి పట్టుకుపోయారే, ఆ డబ్బాలోనే ఉంది."

"కథలు చెప్పకు!"

"నేను డాక్టర్ని మాట్లాడుతున్నాను" అంది మంచం మీది ఫోను. "ఎవరది అడ్డుపడేది?"

"ఎవరి గొంతో ఫోన్లో వినిపిస్తే నమ్మేస్తానా?" ఇన్‌స్పెక్టరు పట్టు సడలించలేదు. మంచం మీద అక్కగారి శ్వాస ఎగపోస్తోంది.

కోడలు చేయి విదిలించుకోలేదు. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "సార్, ఇది పొడిస్తే మీక్కావలసిన సాక్ష్యం మీ కళ్ళముందే దొరుకుతుంది. నన్ను ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు లోపల పెట్టండి. పొడవకపోతే మా పెద్దమ్మ దొరకదు. చేయి వదలండి సార్, పొడిచాక మళ్ళీ పట్టుకుందురుగాని."

ఎంతోమంది నిర్దోషులు తమని తాము కాపాడుకోవడానికి చెప్పే మాటలు డిటెక్టివ్ విన్నాడు. తన మెడకి తానే ఉచ్చు తగిలించుకుంటూ, ముడి నేను వేసేదాకా ఆగమన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

సూది దిగింది.

*

ఆసుపత్రిలో సెలైన్ రెండో సీసా సగం అయ్యేసరికి అక్కగారి మొహంలోకి రంగు వచ్చింది. తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో పక్కకి తీసుకొచ్చారు. ఆయన అక్క చేయి పట్టుకుని వలవలా ఏడుస్తున్నాడు. కోడలు మంచం కాళ్ళవైపు నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమెకి మూరెడు దూరంలో ఉన్నాడు, పట్టుకోవడానికో క్షమాపణ అడగడానికో ఇంకా తేల్చుకోలేదు.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎందుకురా ఏడుస్తావు? నీ కాళ్ళెలా ఉన్నాయి?"

"పూతలో ఏం కలుపుతారమ్మా?" అని డిటెక్టివ్ మెల్లగా అడిగాడు.

ఆవిడ కోడలి వంక చూసి కాస్త సిగ్గుపడింది. "మా ఆయన కాంపౌండరు. పోయేముందు నాకు నేర్పిపోయాడు. మైనం, నూనె, అందులో ఒక రకం దురద మందు ట్యూబులు బోలెడు పిండాలి. ఒక్కోటీ ఒక్కో షాపులో కొంటాను. ఈ పిల్ల షాపులో మాత్రం కొనను. అది ఇవ్వదు, డాక్టరు చీటీ అడుగుతుంది. ఇది కాపురానికి రాకముందు నుంచీ చేస్తున్నా, ఎవరికీ ఏమీ కాలేదు."

ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. కోడలు మొహం రెండు చేతులతో కప్పుకుంది. మూడు రోజుల బరువు ఆ చేతుల్లోకి దిగిపోయింది. పెద్దాయన కుర్చీలోంచే వంగి ఆమె తల మీద చేయి వేశాడు.

డిటెక్టివ్ మాత్రం కదల్లేదు. ద్వేషంతో చేసినవాళ్ళని పట్టుకోవడం ఆయనకి అలవాటే. ప్రేమతో, సాయంత్రాలన్నీ పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఇంత పని చేసిన మనిషిని ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. ఆవిడ మాటల్లో ఒకటి మాత్రం ఆయన చెవిలో ముల్లులా దిగింది.

"ఎవరికీ ఏమీ కాలేదన్నారు. ఎవరికీ అంటే? తమ్ముడికి కాక ఇంకెవరికైనా ఇచ్చారా?"

"అడిగిన ప్రతివాళ్ళకీ ఇచ్చాను నాయనా, లేదనకుండా. రొట్టెలకి వచ్చినవాళ్ళు తలా ఒక చిన్న డబ్బా పట్టుకెళ్ళేవారు. మూడు రోజులుగా లేదు కదా, పాపం ఎంతమంది వచ్చి తిరిగిపోయారో." ఆవిడ కళ్ళు చికిలించి ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. "నువ్వు ఆ మూల మేడ మీద ఉండే పోలీసబ్బాయివి కదూ? మీ అమ్మ పట్టుకెళ్ళిన డబ్బా వారం కిందటే అయిపోవచ్చింది. 'మా వాడికి చెప్పకు వదినా, వాడు ఇలాంటివి నమ్మడు' అంది. ఎలా ఉంది నాయనా మీ అమ్మ?"

ఇన్‌స్పెక్టరు మంచం కమ్మీ పట్టుకున్నాడు. "వాంతులవుతున్నాయంది. పొద్దున నేను వచ్చేటప్పుడు పడుకునే ఉంది."

కోడలు చేతులు తీసి ఆయన వంక చూసింది. డిటెక్టివ్ అప్పటికే తలుపు తీశాడు. ఇన్‌స్పెక్టరు ఫోన్ తీసి ఇంటికి కలిపాడు. అది మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.